పాత లాప్‌టాప్, అనూ ఫైళ్ళు, జిరాక్స్ షాపు: కొత్తది కొనే ముందు చేయాల్సిన పనులు

మాస్టారూ, మీరు అడిగినవి నాలుగు. 2017లో కొన్న లాప్‌టాప్ (ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10) తెరుచుకోడానికే ఐదారు నిమిషాలు తీసుకుంటోంది, కొత్తది కొనాలా? అనూలో (తెలుగు కొట్టడానికి డీటీపీ వాళ్ళు వాడే పాత రకం సాఫ్ట్‌వేర్, ఫాంటులు) కొట్టిన ప్రశ్నపత్రాన్ని నరసన్నపేట జిరాక్స్ షాపులో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి, ఎందుకు? అక్కణ్ణుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి, ఫైళ్ళు పోయినట్టేనా? బడికి ఇంక్ ట్యాంక్ ప్రింటరు మంచిదా, లేజరా?

కొత్తది ఇప్పుడే కొనకండి. మీ లాప్‌టాప్‌ని కుంటిస్తున్నది ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. దాని చోట ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) పెట్టించుకుంటే బడి పనికి ఇంకా కొన్నేళ్ళు సరిపోతుంది. మీకు అసలు ప్రమాదం మిషన్‌తో లేదు. ఏళ్ళ తరబడి అనూలో పోగుచేసుకున్న ప్రశ్నపత్రాలతో ఉంది. మిషన్ పోతే ఇంకోటి వస్తుంది, ఆ ఫైళ్ళు చదవలేని రూపంలో మిగిలిపోతే మళ్ళీ మొదటినుంచి కొట్టుకోవాలి. అందుకని ఆ సంగతే ఎక్కువ రాస్తాను.

ముందు తప్పు డిస్క్‌దేనా అన్నది తేల్చుకోండి. లాప్‌టాప్ ఆన్ చేసి, డెస్క్‌టాప్ కనిపించగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అనే గడి 100 శాతం దగ్గరే నిమిషాల తరబడి నిలబడి, సీపీయూ (ప్రాసెసర్) 20, 30 దగ్గర తిరుగుతుంటే డిస్కే కారణం. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక పెద్ద ఫైలును వరసగా చదవడంలో మరీ అంత నెమ్మది కాదు. కానీ విండోస్ తెరుచుకునేటప్పుడు వేల చిన్న ఫైళ్ళను ఒక్కోటి ఒక్కో మూల నుంచి వెతకాలి, డిస్క్‌ని చదివే ముల్లు అటూ ఇటూ జరగడానికే సమయమంతా పోతుంది. ఎస్‌ఎస్‌డీలో జరిగే ముల్లే లేదు. అందుకే అదే పాత ప్రాసెసర్‌తోనే ఐదు నిమిషాల పని అర నిమిషం దగ్గరకి వస్తుంది.

అదే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ లోకి వెళ్ళి మెమొరీ నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అని ఉంటే ఖాళీ స్లాటు ఉన్నట్టే, ఇంకో 4 జీబీ వేయించుకోవచ్చు. ఒక్క సంగతి. ఆరో తరం లాప్‌టాప్‌లలో కొన్నిటికి డీడీఆర్4 ర్యామ్, కొన్నిటికి డీడీఆర్3ఎల్ ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. వెనక మూత విప్పి ఉన్న ర్యామ్ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి షాపులో చూపించండి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరికే సామానే ఇది, దీనికోసం విశాఖ దాకా వెళ్ళక్కర్లేదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి రెండు మూడు షాపుల్లో అడిగి తీసుకోండి. డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు ఎస్‌ఎస్‌డీకే పెట్టండి. 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం అని అడగాలి. ప్రశ్నపత్రాలు, మార్కుల లిస్టులు, కొన్ని వీడియోలకి 256 జీబీ చాలు.

మార్చేటప్పుడు పాత డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు ఎక్కించేయమనకండి. ఏళ్ళ నాటి చెత్త, ఉంటే వైరస్ కూడా దానితోపాటే వచ్చేస్తుంది. విండోస్ కొత్తగా వేయించుకోండి. మీ లైసెన్స్ అసలుదైతే అది మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, కొత్త డిస్క్‌లో వేసి నెట్‌కి కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. షాపువాళ్ళు యాక్టివేటర్ అని దొంగ లైసెన్స్ ప్రోగ్రాము ఏదో నడిపిస్తామంటే వద్దని గట్టిగా చెప్పండి. ఆ ప్రోగ్రాములు ముందుగా చేసే పని విండోస్‌లోనే ఉండే వైరస్ కాపలా ప్రోగ్రాము డిఫెండర్‌ని ఆపేయడం. మీ పెన్‌డ్రైవ్ కష్టాలకి సగం మూలం అక్కడే. ఇంకో జాగ్రత్త: విండోస్ తీసేముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకుండా పాత డిస్క్‌లోని ఫైళ్ళు తెరుచుకోవు.

తీసిన హార్డ్ డిస్క్‌ని పారేయకండి. 2.5 అంగుళాల యూఎస్‌బీ కేసు చవగ్గా దొరుకుతుంది, అందులో పెడితే బయటి డిస్క్ అవుతుంది. దానికి ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో దాని ఆరోగ్యం చూడండి. నీలం రంగులో 'గుడ్' అని వస్తే వాడుకోండి. పసుపు రంగులో 'కాషన్' అని వస్తే ఫైళ్ళు వెంటనే వేరేచోటికి తీసేసి దాన్ని నమ్మడం మానేయండి.

విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది, మీది ఆరో తరం. ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే దానికి లింకు ఉంటుంది. ఆ గడువు దాటాక, విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ మంచి దారి. ఇదే లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేసుకుంటే, అనూలో మీ చేతికి అలవాటైన 'యాపిల్' అనే మీటల అమరికలోనే యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే) తెలుగు కొట్టుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ పనులు చేసే లిబ్రేఆఫీస్ దాంతోపాటే వస్తుంది. కానీ అనూ గానీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ గానీ అందులో మామూలుగా నడవవు. అందుకని ఆ రోజు రాకముందే ఫైళ్ళు మార్చుకోవాలి.

ఇక అనూ. జిరాక్స్ షాపులో పిచ్చి గుర్తులు రావడానికి కారణం ఇది. అనూ ఫాంటులో మీరు 'క' అని చూస్తున్నచోట ఫైలులో నిజంగా ఉన్నది ఇంగ్లిష్ అక్షరమో, ఏదో గుర్తో. ఆ గుర్తు చోట తెలుగు బొమ్మను చూపించే పని ఫాంటుది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ తెర తొలగిపోయి లోపల ఉన్నదే బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకి సొంత సంఖ్యలు ఉన్నాయి, మీరు కొట్టిన ఫాంటు అక్కడ లేకపోయినా ఇంకో తెలుగు ఫాంటు అందుకుంటుంది. అక్షరాల రూపు మారొచ్చు గానీ చదవడానికి అడ్డు రాదు. తరగతిలో వేలితో తాకి నడిపే పెద్ద తెర, అదే ఇంటరాక్టివ్ ప్యానెల్ మీద మీ స్లైడ్లు పాడైతే దానికీ ఇదే కారణం. ఆ ప్యానెల్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, దానికి అనూ ఫాంటు తెలియదు.

రేపు ఉదయమే పేపరు కొట్టించాల్సి వస్తే: వర్డ్‌లో 'సేవ్ యాజ్' లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో 'పీడీఎఫ్/ఏ' అన్నదానికి టిక్ పెట్టండి. అప్పుడు ఫాంటు పీడీఎఫ్‌లోనే కూర్చుంటుంది, అనూ అయినా సరే ఎక్కడైనా అలాగే వస్తుంది. షాపుకి వర్డ్ ఫైలు ఇవ్వడం పూర్తిగా మానేయండి. యూనికోడ్‌లో కొట్టినా సరే, వర్డ్ వెర్షన్ మారితే మూడు పేజీల పేపరు నాలుగో పేజీలోకి జారుతుంది.

పాత పేపర్లు మార్చడానికి అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. వాటితో ఎక్కడెక్కడ తేడా వస్తుందో ముందే తెలిస్తే చాలా సమయం మిగులుతుంది. మీ ఫైలు అనూ 6దా, 7దా అన్నది మొదట తేల్చండి, రెండింటి అమరిక వేరు. తప్పుది ఎంచుకుంటే సగం అక్షరాలు సరిగ్గా వచ్చి ఒత్తులు తారుమారవుతాయి, చూడ్డానికి కన్వర్టరే పాడైనట్టు ఉంటుంది. రెండోది, రెండు భాషలూ కలిసిన పేపర్లు. మన పాఠ్యపుస్తకాల్లాగే ప్రశ్నపత్రాలు కూడా తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన ఉంటున్నాయి. కన్వర్టర్‌కి మీరు ఫాంటు ఎక్కడ మార్చారో కనబడదు, 'ట్రయాంగిల్' అన్న ఇంగ్లిష్ స్పెల్లింగునీ తెలుగు గుర్తులే అనుకుని అర్థంలేని అక్షరాలు పోగేస్తుంది. అందుకని తెలుగు పేరాలు మాత్రమే ఒక్కోటీ కాపీ చేసి మార్చండి, ఇంగ్లిష్ వాక్యాలు పాత ఫైలు నుంచి నేరుగా తెచ్చి పక్కన పెట్టండి. మూడోది, పేజ్‌మేకర్‌లో ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టి ఉంటే మార్చాక వాక్యాలు ముక్కలుగా వస్తాయి. కొన్ని అక్షరాలు అనూలో రెండు మూడు ముక్కలతో తయారవుతాయి, కాబట్టి మ, య, ఘ, ఝ ఉన్న పదాల్ని ప్రత్యేకంగా చూడండి. లెక్కల్లో అంకెలు మారిపోలేదని ఒకటికి రెండుసార్లు సరిచూడండి. స్పెల్లింగు తప్పు పిల్లలు సర్దుకుని చదువుకుంటారు, 6 చోట 9 పడితే లెక్కే మారిపోతుంది.

అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చోకండి. ప్రతి పాత ఫైలునీ ముందు పీడీఎఫ్ చేసి దాచుకోండి, అది ఒక సాయంత్రం పని. తర్వాత ఏ యూనిట్ పరీక్ష దగ్గర పడితే ఆ పేపరే మార్చుకుంటూ పోండి. ఫైలు పోయి కాగితమే మిగిలినవాటికి గూగుల్ డ్రైవ్ ఉంది. కాగితాన్ని నీడ పడకుండా స్కాన్ చేసి, డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా వస్తుంది. అచ్చు కాగితానికి బాగా పనిచేస్తుంది, చేతిరాతకి నమ్మకం లేదు.

కొత్తవి యూనికోడ్‌లో కొట్టడానికి విండోస్‌లోనే అన్నీ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అక్కడ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి, ఆప్షన్స్‌లో కీబోర్డు ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. 'తెలుగు ఫొనెటిక్' అయితే పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టొచ్చు. మీలాగా రోజూ కొట్టేవారిని అక్కడే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమంటాను. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి, పొల్లు డీ మీట మీద. 'క్ర' కావాలంటే క, పొల్లు, ర. ఆ ఒక్క సూత్రంతోనే ఒత్తులన్నీ వస్తాయి. యాపిల్ చేతికి పట్టినవారికి మొదట్లో చిరాగ్గా ఉంటుంది, రోజూ ఒక పేజీ కొడితే చేయి తిరుగుతుంది. పొడవైన పేరాలకి ఫోన్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, జీబోర్డు (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి చదివి, తర్వాత లాప్‌టాప్‌లో దిద్దుకోండి.

పొల్లు తర్వాత ఒత్తుగా అతుక్కోకుండా ఉండాల్సిన చోట, అంటే 'సాఫ్ట్‌వేర్' లో ట్ తర్వాత వ లాంటిచోట, ఒక కనబడని గుర్తు పెట్టాలి. వర్డ్‌లో అక్కడ కర్సరు పెట్టి 200 అని, వెంటనే ఇంగ్లిష్ సీ అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ నొక్కండి.

ఫాంటులో చాలామంది పొరబడేవి రెండున్నాయి. మొదటిది లైన్ల మధ్య ఎడం. అనూలో పేజీ సరిపెట్టడానికి 'ఎగ్జాక్ట్‌లీ' పెట్టడం అలవాటు. యూనికోడ్‌లో అది పెడితే కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి, 'స్త్రీ' లాంటి మాట సగం మాయమవుతుంది. తెర మీద బాగానే కనిపించి ప్రింటులో తెగడం కూడా ఉంది. 'మల్టిపుల్' పెట్టి 1 నుంచి 1.15 మధ్య ఉంచండి. రెండోది బోల్డ్. మండలి లాంటి ఉచిత ఫాంటులకు ఒకే మందం ఉంటుంది. బోల్డ్ నొక్కితే వర్డ్ అక్షరాన్ని ఊరికే లావు చేస్తుంది, జిరాక్స్‌లో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ప్రశ్నలకి మండలి 12 సైజు, శీర్షికలకి సహజంగానే లావుగా ఉండే రామభద్ర వాడండి. ఈ వరసలోనే గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఫాంటులు ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వాడుకభాష కోసం పోరాడిన మన శ్రీకాకుళం మాస్టారి పేరూ, విజయనగరం మహాకవి పేరూ మన పిల్లల పేపరు మీదకి ఎక్కడం నాకు చాలా ఇష్టం. నిడుపాటి ప్రశ్నలకి మాత్రం మండలే చదవడానికి సుఖం.

వర్డ్‌లో తెలుగు సైజు మారడంలేదని కంగారుపడితే, కంట్రోల్, డీ నొక్కి ఫాంటు పెట్టె తెరవండి. అందులో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని వేరే గడి ఉంటుంది. తెలుగు ఫాంటు, సైజు అక్కడ పెట్టాలి. లిబ్రేఆఫీస్‌లో ఇదే 'సీటీఎల్' పేరుతో ఉంటుంది.

పేపరు కూర్పులో స్పేస్ బార్‌తో జరపడం ఈ రోజుతో ఆపేయండి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. అటూ ఇటూ 2 చొప్పున మార్జిన్ పోతే 17 మిగులుతుంది. మార్కుల కోసం 17 దగ్గర కుడివైపు ట్యాబ్ ఒకటి పెట్టండి. ప్రశ్న చివర ట్యాబ్ ఒక్కసారి నొక్కితే మార్కులన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. నాలుగు ఐచ్ఛికాలకి 1, 5, 9, 13 సెంటీమీటర్ల దగ్గర ఎడమ ట్యాబులు. జతపరచండికి గీతలు లేని టేబుల్. భిన్నాలు, వర్గమూలాలకి ఆల్ట్, ఈక్వల్ నొక్కితే సమీకరణం పెట్టె వస్తుంది, తెలుగు మాటలు ఆ పెట్టె బయటే ఉంచండి. ఇవన్నీ ఒక ఖాళీ పేపరులో అమర్చి టెంప్లేట్‌గా దాచుకుంటే తర్వాతి పేపర్లకి ప్రశ్నలు కొట్టడమే పని.

పెన్‌డ్రైవ్. ఫైళ్ళు పోలేదు, దాక్కున్నాయి. ఆ షార్ట్‌కట్‌ని నొక్కకండి, నొక్కితే వైరస్ మీ లాప్‌టాప్‌లోకి వస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, ఆప్షన్స్ లోకి వెళ్ళి దాచిన ఫైళ్ళు చూపించమని పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేయండి. చాలావరకు పేరు లేని ఒక ఫోల్డరు కనిపిస్తుంది, మీ ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. వర్డ్, పీడీఎఫ్, ఫొటోలు మాత్రమే తీసుకోండి. పేరు తెలియని ప్రోగ్రాములు, స్క్రిప్టులు వదిలేయండి. తర్వాత పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, డిఫెండర్‌తో లాప్‌టాప్ అంతా ఫుల్ స్కాన్ చేయండి. షాపుకి తీసుకెళ్ళడానికి చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకుని అందులో ఆ రోజు పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉంచకండి. ఇంటికి రాగానే ఫార్మాట్. మార్కుల లిస్టులు, పిల్లల ఆధార్ నంబర్లు ఉన్న పెన్‌డ్రైవ్ బయటి కంప్యూటర్‌కి ఎప్పుడూ పెట్టకూడదు. అవి పిల్లల వివరాలు, వాటికి కాపలా మీరే.

అడగలేదు గానీ ఆధార్ మాట వచ్చింది కాబట్టి: ఎక్సెల్‌లో 12 అంకెల నంబరు కొడితే మామూలు గడిలో ఈ+11 అని మారిపోతుంది, 15 దాటిన బ్యాంకు ఖాతా నంబర్లకి చివరి అంకెలు సున్నాలవుతాయి, తర్వాత తిరిగి రావు. కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. పరీక్షకి రాని పిల్లవాడికి సున్నా వేయకండి, 'ఏబీ' అని వేయండి. సగటు ఫార్ములా దాన్ని వదిలేస్తుంది, సున్నా అయితే తరగతి సగటు పడిపోతుంది.

బ్యాకప్ మూడు చోట్ల ఉండాలి: లాప్‌టాప్, కేసులో పెట్టిన పాత డిస్క్, గూగుల్ డ్రైవ్. డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం, అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా లెక్క. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసిన ప్రాంతం మనది. ఇంట్లో ఉన్న రెండు కాపీలూ ఒకే వానకి తడవచ్చు, మూడోది ఊరి బయట ఉండాలి.

ప్రింటరు. నెలకి కొన్ని వందల పేజీలు, మధ్యమధ్య రంగు బొమ్మలు అయితే ఇంక్ ట్యాంక్. పేజీ ఖర్చు తక్కువ, కరెంటు కూడా చాలా తక్కువ తింటుంది. కానీ వారానికి ఒక్కసారైనా రంగు పేజీ తీయాలి. వేసవి సెలవుల్లో వదిలేస్తే జూన్‌లో నాజిల్ ఎండిపోయి గీతలు గీతలుగా వస్తుంది, హెడ్ క్లీనింగ్ పదేపదే చేస్తే ఇంకు వృథా అవడమే కాక లోపలి వేస్ట్ ప్యాడ్ నిండిపోతుంది. బడి ప్రింటరుని సెలవుల్లో ఎవరూ ముట్టరనుకుంటే లేజరే తీసుకోండి, నెలలు వదిలేసినా టోనరు ఎండదు. ఒక్కటే షరతు: లేజరుని యూపీఎస్‌కి పెట్టకూడదు. కాగితం మీద టోనరు అతికించే వేడి రోలరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. కంప్యూటర్ కోసం కొన్న 600 వీఏ యూపీఎస్ దాన్ని మోయలేదు, ట్రిప్ అవుతుంది. లేజరు నేరుగా గోడ ప్లగ్గుకి, కంప్యూటర్ మాత్రం యూపీఎస్‌కి. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్ళకి మార్చాల్సిందే, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంటే కొత్త యూపీఎస్ కాదు, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ అడగండి.

ఏ ప్రింటరైనా వర్షాకాలంలో మన తీరంలో కాగితం చెమ్మ పట్టి రెండేసి షీట్లు లాగేస్తుంది, జామ్ అవుతుంది. వాడినన్ని తీసి మిగతా రీముని ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టండి, రాత్రి ట్రేలో వదలకండి. ఒకే పేపరు వంద కాపీలు దాటితే మాత్రం బడి ప్రింటరు మీద భారం వేయకుండా, రెండు ఏ4 పేజీలు ఒక ఏ3 షీటు మీద పక్కపక్కన పెట్టించి జిరాక్స్ షాపులోనే తీయించండి.